చిన్నక్షరాల్లోనే కొట్టవలెను

రేపల్లె బస్టాండు వెనక సందులో ఒక గది ఉండేది. ఐసు ఫ్యాక్టరీ యజమాని దాన్ని ఆఫీసుగా వాడుకునేవారు. ఆ గదిలో కంప్యూటరు తెరకి పైన, గోడకి నా చేత్తో నేనే రాసి అంటించిన కాగితం ఒకటి ఉండేది. "ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే కొట్టవలెను." ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను. కింద రెండు గీతలు కూడా గీశాను. అప్పుడు నాకు ఇరవై అయిదేళ్ళు. ఎదుటివాళ్ళకి తెలియనిది నాకు తెలుసన్న పొగరంతా ఆ రెండు గీతల్లోనే కనపడేది. ఆ కాగితం వల్ల ఏం జరిగిందో ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మాది తెనాలి. మా అబ్బా రేకు పెట్టెలు చేసి అమ్మేవారు. నేను ఒక కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెబుతూ, మధ్యలో చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసి పెట్టేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. ఊళ్ళో వీధికో నెట్ సెంటరు వచ్చింది. పెళ్ళికార్డుల మీద కూడా ఈమెయిలు అడ్రసు వేయించుకుంటున్నారు. ఆ వేడిలోనే రేపల్లె యజమాని నన్ను పిలిపించారు.

ఆయన దగ్గర ఐసు కొనే పడవలు నలభై దాకా ఉండేవి. అన్నీ చిన్న మోటారు పడవలు, ఒక్కోదాంట్లో నలుగురైదుగురు మనుషులు. గాలి మారిందంటే బయల్దేరిన రేవుకే తిరిగి రావాలని లేదు. ఏ ఒడ్డు దగ్గరైతే ఆ ఒడ్డుకే చేరతారు. రేపల్లె వైపు నుంచి వెళ్ళిన పడవ అటు సూర్యలంకలోనో వాడరేవులోనో తేలడం మామూలే. అప్పుడు ఇంటికి కబురెలా అంటే, దానికో పాత పద్ధతి ఉండేది. ఒడ్డెక్కినవాళ్ళు బస్సు కండక్టరుకి చెప్పేవాళ్ళు, ఫలానా పడవ, అందరూ బాగున్నారు అని. ఆ కండక్టరు బాపట్లలో రేపల్లె బస్సు కండక్టరుకి చెప్పేవాడు. ఆయన రేపల్లె బస్టాండు టీకొట్టులో చెప్పేవాడు. అక్కణ్ణుంచి ఊరికి చేరేది. ఒక పూట పట్టేది గానీ, కబురు తప్పేది కాదు.

"ఈ కండక్టర్ల వ్యవహారం ఎన్నాళ్ళయ్యా? కంప్యూటర్లో పెట్టేద్దాం. ఎక్కడ దిగినా నిమిషంలో మనకి తెలియాలి," అన్నారు యజమాని.

"దానికేముందండీ, చేసేద్దాం," అన్నాను.

ఏర్పాటు తేలికైనదే. వాడరేవులో, సూర్యలంకలో యజమాని మనుషులు ఉంటారు. పడవ ఒడ్డెక్కగానే వాళ్ళు బాపట్లలో ఎస్టీడీ బూతు నడిపే ఒకావిడకి ఫోను చేస్తారు. ఆవిణ్ణి నేను అక్కా అనేవాణ్ణి. ఆ అక్క తన కంప్యూటరులో పడవ నంబరు, ఒడ్డు పేరు, మనుషులెందరో ఎక్కిస్తుంది. రేపల్లె గదిలో మాస్టారు కూర్చుంటారు. ఇంటివాళ్ళు వచ్చి అడిగితే, పడవ నంబరు కొట్టి, వచ్చిందో లేదో చూసి చెబుతారు.

మాస్టారంటే టైపు మాస్టారు. రేపల్లెలో సగం మంది గుమాస్తాలు ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళే. మిషన్లకి కాలం చెల్లి ఇన్‌స్టిట్యూటు మూసేశాక యజమాని పిలిచి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్ళజోడు పెట్టె. నాకంటే రెండింతలు పైన వయసున్నా నన్ను "బాబూ, అండీ" అనే పిలిచేవారు.

ఇక నేను చేసిన ఘనకార్యం. పడవ నంబరంటే రెండు ఇంగ్లీషు అక్షరాలు, వెనక అంకెలు. బాపట్ల అక్క ఒకసారి మధ్యలో గీత పెట్టేది, ఒకసారి ఖాళీ వదిలేది, ఒకసారి రెండూ కలిపేసేది. అందుకని వెతకడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడాను. అంటే ఉన్నదున్నట్టు వెతక్కుండా ఒక అచ్చు రాసివ్వడం. "ముందు ఈ రెండక్షరాలు. తర్వాత గీత ఉన్నా సరే, ఖాళీ ఉన్నా సరే, ఏమీ లేకపోయినా సరే. తర్వాత ఈ అంకె." ఆ అచ్చుకి సరిపడే వరస ఎక్కడుంటే అక్కణ్ణుంచి ప్రోగ్రాము పట్టుకొస్తుంది. రెండు ఏటవాలు గీతల మధ్య ఆ అచ్చు రాస్తాం. అక్క ఎన్ని రకాలుగా కొట్టినా నా అచ్చు తప్పేది కాదు. దాన్ని చూసుకుని నేను తెగ మురిసిపోయాను.

ఒక్కటి మాత్రం వదిలేశాను. పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు అనుకుంటుంది మిషను. తెలుగులో మనకా గొడవ లేదు. మా అమ్మమ్మ, మా నానీ దగ్గర నేర్చుకున్న ఉర్దూలోనూ లేదు. ఇంగ్లీషుతోనే వచ్చింది. రెండూ ఒకటే అనుకోమని చెప్పాలంటే, ఆ రెండో ఏటవాలు గీత పక్కన చిన్న i ఒకటి పెట్టాలి. అంతే, ఒక్క అక్షరం. అది నాకు తెలుసు. నా విద్యార్థులకి బోర్డు మీద రాసి చెప్పిన పాఠమే అది.

మరి ఎందుకు పెట్టలేదంటే, మొదటిరోజు జరిగిన దానివల్ల. యజమాని పక్కన నిలబడి, "ఏదీ, ఓ పడవ చూడండి మాస్టారూ," అన్నారు. మాస్టారు తన టైపు అలవాటుకొద్దీ మొత్తం పెద్దక్షరాల్లో కొట్టారు. బాపట్ల అక్క ఎక్కించింది చిన్నక్షరాల్లో. "లేదు" అని వచ్చింది. ఆ పడవ యజమాని కళ్ళెదుటే పొద్దున ఒడ్డెక్కింది.

"ఏంటయ్యా ఇది? లేదంటోంది?" అన్నారాయన నా వైపు తిరిగి.

నా చెవులు వేడెక్కిపోయాయి. "మాస్టారు తప్పు కొట్టారండీ," అన్నాను వెంటనే.

"నంబర్లూ పేర్లూ పెద్దక్షరాల్లో కొట్టడమే అలవాటు బాబూ. అర్జీ అయినా అంతే కదండీ. మనిషి పేరు చిన్నక్షరాల్లో కొడితే మర్యాదగా ఉండదు," అన్నారు మాస్టారు.

"మిషనుకి మర్యాదలు తెలియవు మాస్టారూ. చెప్పినట్టు కొట్టండి చాలు."

గదిలో యజమానితో పాటు ఐసు మోసే ఇద్దరు మనుషులు కూడా ఉన్నారు. వాళ్ళు ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "సరేనండి," అన్నారు.

ఆ మర్నాడు ఆ i పెట్టేసి ఉంటే సరిపోయేది. కానీ పెడితే తప్పు నాదని ఒప్పుకున్నట్టే కదా అనిపించింది. దాని బదులు ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకుని ఆ కాగితం రాశాను.

ఒకరోజు అన్నం తింటూ ఈ సంగతి అబ్బాకి గొప్పగా చెప్పాను, ముసలాయన్ని ఎలా దారిలో పెట్టానో. అబ్బా నవ్వలేదు. "పెట్టెకి గొళ్ళెం కాస్త వదులుగా పెడతాను బేటా. కొన్నవాడు దాన్ని మన కొట్లో మూసుకోడు. రైల్లో, జనం మధ్య, కంగారులో మూసుకుంటాడు," అన్నారు. రేకు పెట్టెలకీ వెబ్‌సైట్లకీ ఏంటి సంబంధం అనుకుని పెరుగు కలుపుకున్నాను.

నాలుగైదు నెలలు అంతా సజావుగా సాగింది. మాస్టారు చిన్నక్షరాల్లోనే కొట్టేవారు. బస్సుల్లో కబురు పంపే పద్ధతి మెల్లగా పోయింది. "కంప్యూటర్లో పెట్టేశారుగా," అని అందరూ బస్సు దాకా నడవడం మానేశారు. టీకొట్టాయన కూడా పడవల సంగతి అడిగితే ఆ గది వైపు చెయ్యి చూపించేవాడు. అందుకు నేను మురిసిపోయాను కూడా.

ఆ రోజు పొద్దున్నుంచే ముసురు. వాయుగుండమని ముందు రోజు సాయంత్రమే రేడియోలో చెప్పారు. వేటకి వెళ్ళిన పడవల్లో చాలా మటుకు రాత్రే వెనక్కొచ్చాయట. నేను తెనాలిలో క్లాసు చెబుతున్నాను. పది గంటలకి ఫోను మోగింది. మాస్టారు.

"బాబూ, కేడీ డెబ్భై మూడు పడవ ఒక్కసారి చూస్తారా అండీ? ఇక్కడ లేదని వస్తోంది. ఆ పడవతని ఆవిడ వచ్చి కూర్చుంది."

"లేదని వస్తే లేదనే మాస్టారూ. ఇక్కడ చూసినా అదే వస్తుంది."

"అది కాదు బాబూ, మిగతావన్నీ వచ్చేశాయి. ఇదొక్కటే. ఏమన్నా పొరపాటేమో అని..."

"మిషను అబద్ధం చెప్పదండీ. నాకు క్లాసుంది," అని పెట్టేశాను.

చూడడానికి అర నిమిషం పట్టేది. నా ఎదుటే కంప్యూటరుంది. ఇప్పటికీ నా మీద నాకు ఎక్కువ కోపం వచ్చేది ఈ అర నిమిషానికే.

పన్నెండున్నరకి మళ్ళీ ఫోను. ఈసారి ఆయన గొంతులో బతిమాలడం లేదు.

"ఆ అమ్మాయి వెళ్ళిపోయిందండీ. ఇక ఆగలేనంది. వాళ్ళ తమ్ముడు, ఇంకొకతను కలిసి పడవ వేసుకుని వెతకడానికి పోతారట. ఇవాళ్టికీ రాకపోతే ఒంటిగంటకల్లా సముద్రంలోకి దిగుదామని నిన్ననే అనుకున్నారట. నేను ఆగమన్నాను. 'మీ కంప్యూటరే లేదంటోంది కదయ్యా' అంది. ఏం చెప్పను?"

ఆ గాలిలో, ఆ కెరటాల్లో, ఇద్దరు మనుషులు చిన్న పడవేసుకుని. అప్పుడు నాకు భయం వేసింది. ఫోను చెవి దగ్గరే పట్టుకుని, వెతికే పేజీ కాకుండా, బాపట్ల అక్క ఎక్కించిన అసలు ఫైలు తెరిచాను. పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. ఏడో వరసలో ఉంది. కేడీ-73, వాడరేవు, అయిదుగురు, బాగున్నారు. పొద్దున ఏడూ నలభైకి ఎక్కించిన వరస. అన్నీ చిన్నక్షరాలే.

"మాస్టారూ, ఎలా కొట్టారు?" అన్నాను.

"పెద్దక్షరాల్లో కొట్టాను బాబూ. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని నా వేళ్ళకేసే చూస్తోంది. వాళ్ళాయన ఉన్నాడో లేడో తెలియని టైములో, ఆ పడవ నంబరు చిన్నక్షరాల్లో కొట్టడానికి చేతులు రాలేదండీ. మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ అలాగే కొట్టాను."

"వచ్చేసింది మాస్టారూ ఆ పడవ. వాడరేవులో ఉన్నారు. పొద్దుటే వచ్చారు."

"నేను వెళ్తాను," అని ఫోను పెట్టేశారు.

రేపల్లె వైపు ఒడ్డున కూడా యజమాని మనిషి ఒకడున్నాడు, అతనికి ఒక ల్యాండ్‌లైను ఉంది. చేశాను. మోగదు. మళ్ళీ చేశాను, గాలికి లైను పోయినట్టుంది. యజమాని సెల్‌ఫోను స్విచ్ ఆఫ్. రేపల్లె గదికి చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. విద్యార్థులు నాకేసి చూస్తున్నారు. వాళ్ళకి ఏం చెప్పానో గుర్తులేదు. చెప్పులు వేసుకుని బస్టాండు వైపు పరుగెత్తాను. రేపల్లె పాసింజరు రైలు రావడానికి ఇంకా చాలా టైముంది. బస్సే దొరికింది.

ఆ బస్సు వేమూరులో ఆగింది, భట్టిప్రోలులో ఆగింది, మధ్యలో చెయ్యెత్తిన ప్రతి చోటా ఆగింది. కిటికీ రేకు సరిగా పడక వాన మీద కొడుతోంది. డ్రైవరు దిగి టీ తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన, "ఏం బాబూ, ఎవరికైనా బాగోలేదా?" అని అడిగాడు. "అవునండి," అన్నాను. కండక్టరు చేతిలో టికెట్ల కట్ట చూస్తుంటే ఒక్కటే తిరిగింది మనసులో. పాత పద్ధతే ఉండి ఉంటే, ఎనిమిది గంటల బస్సులో బయల్దేరిన కబురు ఈపాటికి టీకొట్టుకి చేరేది.

రేపల్లెలో ఆటో మాట్లాడుకుని ఒడ్డుకి చేరేసరికి మూడు దాటింది. వాన కాస్త తగ్గింది గానీ గాలి తగ్గలేదు. ఇరవై ముప్ఫై మంది పైనే గుమికూడి ఉన్నారు. అందరికీ కాస్త ఎడంగా, తడి ఇసకలో మాస్టారు నిలబడి ఉన్నారు. ఒంటి మీద బనీను మాత్రమే ఉంది. ఇస్త్రీ చొక్కా చేతిలో ముద్దలా ఉంది. పక్కన ఆయన మోపెడ్ పడిపోయి ఉంది.

పడవ వెళ్ళిపోయింది.

ఆయన చేరేసరికి అది ఒడ్డు విడిచి పది నిమిషాలయిందట. కళ్ళకి కనపడుతూనే ఉందట. కేకేస్తే గాలికి వినపడదు. చొక్కా విప్పి, నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి ఊపారట. పడవలో వాళ్ళు చూశారట కూడా. సాగనంపడానికి వచ్చారనుకుని వాళ్ళూ చెయ్యి ఊపారట. ఇదంతా పక్కనున్న మనుషులు చెప్పారు.

పొద్దున గదిలో కూర్చున్న ఆమె, పడవ తీసుకువెళ్ళినవాడి అక్క, అక్కడే ఉంది. ముప్ఫై ఏళ్ళుండొచ్చు. జుట్టంతా తడిసి ముఖానికి అంటుకుపోయింది. మాస్టారి దగ్గరికి వచ్చింది.

"నిజం చెప్పండయ్యా. మా ఆయన ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. వాడరేవులో ఉన్నాడు. అయిదుగురూ ఉన్నారు."

ఆమె గుండె మీద చెయ్యేసుకుంది. ఒక్క క్షణం ముఖంలో వెలుగు వచ్చింది. మరుక్షణం సముద్రం వైపు తిరిగింది.

"మరి మావాణ్ణెందుకు పంపించారయ్యా?"

"తప్పు నాదమ్మా," అన్నారు మాస్టారు. "కంప్యూటర్లో తప్పు కొట్టాను. ఎలా కొట్టాలో ఈ బాబు రాసి కూడా పెట్టాడు. నేనే వినలేదు."

అందరూ ఆయనకేసి చూశారు. ఎవరో గొణిగారు, ముసలాయన్ని ఆ కుర్చీలో ఎవరు కూర్చోమన్నారని. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. తప్పు నాదీ అని అనడానికి నోరు తెరవాలనుకున్నాను. తెరుచుకోలేదు. భయం అనుకుంటే భయం, సిగ్గనుకుంటే సిగ్గు.

అక్కడివాళ్ళు ఒడ్డున ఉన్న పెద్ద పడవలవాళ్ళతో మాట్లాడారు. కాస్త గాలి తగ్గితే గానీ దిగలేమన్నారు. చేసేదేమీ లేక సాయంత్రానికి నేనూ మాస్టారూ రేపల్లె వచ్చాం. ఆమె, ఇంకో నలుగురు కూడా మాతోనే వచ్చి ఆ గది గుమ్మంలో కూర్చున్నారు. ఏ ఒడ్డుకైనా చేరితే ముందుగా తెలిసేది ఆ గదిలోనే కదా.

నేను మాస్టారి కుర్చీలో కూర్చుని ప్రోగ్రాము తెరిచాను. రెండో ఏటవాలు గీత పక్కన i పెట్టాను. సేవ్ చేశాను. పెద్దక్షరాల్లో కేడీ డెబ్భై మూడు కొట్టి చూశాను. వాడరేవు, అయిదుగురు, బాగున్నారు. చిన్నక్షరాల్లో కొట్టాను. అదే వచ్చింది. పని అయిపోయింది.

కానీ లేవలేకపోయాను. గుమ్మంలో అంతమంది చూస్తున్నారు. మాస్టారు తడిసిన చొక్కాతో తలుపు పక్కన నిలబడి ఉన్నారు. ఒక్క మీట నొక్కి లేచి వస్తే, "అంతేనా?" అని ఎవరైనా అడుగుతారేమోనని భయం వేసింది. అందుకని అక్కడే కూర్చుని, అక్కర్లేని ఫైళ్ళు తెరిచాను, మూశాను. కొట్టినదే కొట్టాను, చెరిపాను. అరగంట అలా నటించాను.

చీకటి పడుతుండగా బాపట్ల బస్సులో ఆమె భర్త దిగాడు. మనిషి నీరసంగా ఉన్నాడు గానీ బాగానే ఉన్నాడు. బావమరిది సంగతి విని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "కంప్యూటర్లో పెట్టేశాం, ఇంట్లో తెలిసిపోతుందిలే అన్నారండీ. అందుకే బస్సుకి చెప్పలేదు," అన్నాడు. నాలుగైదుసార్లు అదే మాట అన్నాడు. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియడం లేదు.

మర్నాడు పొద్దున ఆరింటికే మళ్ళీ అందరం ఆ గదిలో ఉన్నాం. మాస్టారు వేరే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. పది నిమిషాలకోసారి తమ్ముడి పడవ నంబరు, కేడీ పంతొమ్మిది, కొట్టేవారు. అన్నీ చిన్నక్షరాలే. ప్రతిసారీ కొట్టేముందు తలెత్తి నా కాగితం చదువుకునేవారు, పెదాలు కదుపుతూ. "ఇప్పుడెలా కొట్టినా పరవాలేదు మాస్టారూ," అందామనుకున్నాను. ఆమె వింటోంది. అనలేదు. "లేదు" అని వచ్చినప్పుడల్లా ఆయన ఆమెకి చెప్పకుండా తల అడ్డంగా ఊపేవారు.

పదకొండూ చిల్లరకి ఆయన వేళ్ళు ఆగిపోయాయి. "వచ్చింది," అన్నారు. గదంతా కుర్చీ చుట్టూ మూగింది. కేడీ 19, సూర్యలంక, ఇద్దరు. పక్కన బాపట్ల అక్క ఇంకో ముక్క కూడా ఎక్కించింది, ఒకరికి చెయ్యి దెబ్బ అని.

ఇంజనులోకి నీళ్ళు పోయి రాత్రంతా కొట్టుకుపోయారట. తెల్లవారాక ఇంకో పడవ కనపడి తాడు విసిరింది. ఆ తాడు పట్టుకుని బిగిస్తుండగా కెరటం ఎత్తేసరికి, తాడుకీ పడవ అంచుకీ మధ్య తమ్ముడి కుడిచెయ్యి నలిగిపోయింది. బాపట్ల ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. అతనికి ఇరవై రెండేళ్ళు. వల లాగి బతికేవాడు.

రెండు రోజుల తర్వాత యజమాని అందర్నీ పిలిచారు. నేను తెనాలి నుంచి వెళ్ళాను. ఆమె, ఆమె భర్త ఒక పక్క బల్ల మీద కూర్చున్నారు. చేతికి కట్టుతో తమ్ముడు కూడా వచ్చాడు. కట్టు గుండ్రంగా, తెల్లగా, చాలా పెద్దదిగా ఉంది. నేను దానికేసి చూడకుండా గోడకేసి చూశాను. గోడ మీద నా కాగితమే ఉంది.

"ఎవరిదయ్యా తప్పు?" అన్నారు యజమాని.

"నాదేనండి," అన్నారు మాస్టారు లేచి నిలబడి. "రాసి పెట్టింది చూడకుండా కొట్టాను. ఇక ఈ పని నాకొద్దండి. ఇంకెవరినైనా చూసుకోండి."

యజమాని నా వైపు తిరిగారు. "మళ్ళీ ఇలా జరక్కుండా ఏమన్నా చేశావా?"

అదే ఆఖరి అవకాశం. ఒక్క అక్షరమేనండీ, ఆరోజే పెట్టి ఉండాల్సింది, నా పంతం కొద్దీ పెట్టలేదు. చెప్పాల్సింది ఇంతే. లోపల వాక్యం సిద్ధంగా ఉంది.

"చేశానండి. ఇప్పుడెలా కొట్టినా పట్టుకుంటుంది. మొత్తం ప్రోగ్రామంతా మార్చాల్సొచ్చింది. మూడు రోజులు పట్టింది," అన్నాను.

"మంచిది," అన్నారు యజమాని. తమ్ముడు తల దించుకుని తన కట్టునే చూసుకుంటున్నాడు. ఆ మాట అతనికి వినపడిందో లేదో నాకు తెలియదు.

అందరూ లేచి వెళ్ళిపోతున్నారు. నేను గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటుంటే మాస్టారు వెనకే వచ్చారు. టీకొట్టు నుంచి తెప్పించిన గ్లాసు ఆయన చేతిలో ఉంది. నాకు అందించారు.

"మూడు రోజులు కూర్చున్నారా బాబూ, నా మూలంగా?" అన్నారు. "ముసలాణ్ణి, చేతి అలవాటు పోలేదు. మీకెంత పని పెట్టాను. ఏమీ అనుకోకండి."

రెండు చేతులూ జోడించారు. నేను గ్లాసు తీసుకుని, ఆయన చూస్తుండగా, ఆ టీ మొత్తం తాగాను.